అమెరికా వరి రైతుకు సర్కారు సొమ్ము: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా రైతులకు అక్కడి ప్రభుత్వం వేల కోట్ల డాలర్లు పంచుతుందని వార్త వచ్చినప్పుడల్లా మనవాళ్ళు రెండు రకాలుగా మాట్లాడతారు. ఊళ్ళో ఉన్నవాళ్ళు "చూశారా, వాళ్ళు రైతుని ఎలా చూసుకుంటారో" అంటారు. డల్లాస్‌లోనో అట్లాంటాలోనో ఉన్నవాళ్ళు "మనం కూడా నాలుగెకరాలు కొంటే వస్తుందా" అంటారు. ఇద్దరికీ పనికొచ్చేలా ఒక కౌంటీని ఉదాహరణగా తీసుకుని రాసిన ప్రశ్నలు, జవాబులు ఇవి.

ఏ కౌంటీ? ఎందుకు?

ఆర్కన్సా రాష్ట్రంలోని ఆర్కన్సా కౌంటీ. రాష్ట్రం పేరు, కౌంటీ పేరు ఒకటే. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే అనుకోండి, జనం మాత్రం మన మండలం కన్నా తక్కువే ఉండొచ్చు. దీనికి రెండు ముఖ్య పట్టణాలున్నాయి, డివిట్, స్టట్‌గార్ట్. స్టట్‌గార్ట్‌కి, జర్మనీ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు తమ దేశంలోని ఊరి పేరే పెట్టుకున్నారు.

దీన్ని ఎంచుకోవడానికి కారణం వరి. అమెరికాలో పండే వరిలో దాదాపు సగం ఆర్కన్సా రాష్ట్రానిదే. గోదావరి జిల్లా మనిషి అక్కడ దిగితే చదునైన మడులు, నిండా నీళ్ళు చూసి కాస్త స్థిమితపడతాడు. మనుషులు మాత్రం కనిపించరు. నాట్లు లేవు, విత్తనం యంత్రంతో వేస్తారు, కోత యంత్రంతోనే. నీళ్ళలో ఎక్కువ భాగం బోర్లవే, ఆ బోర్లు ఏటేటా ఇంకా లోతుకి దిగుతున్నాయి. ఈ ఒక్క విషయంలో అనంతపురం రైతుకి కూడా అక్కడ చుట్టరికం దొరుకుతుంది.

వాళ్ళకి కూడా రైతుబంధు లాంటిది ఉందా? ఎకరానికి ఇంత అని?

అచ్చంగా అలాంటిది ఒకప్పుడు ఉండేది. 1996 వ్యవసాయ చట్టంతో (ఫార్మ్ బిల్లు అంటారు) మొదలైంది. ధరలు ఎలా ఉన్నా, పంట వేసినా వేయకపోయినా ఏటా ఇంత అని ఇచ్చేవాళ్ళు. 2014లో తీసేశారు. పంట ధరలు ఆకాశంలో ఉన్నప్పుడు కూడా చెక్కులు వెళ్తుంటే పట్నాల్లో జనానికి మండింది.

ఇప్పుడున్నవి వేరు. ధర పడిపోతే ఇచ్చేది, దాన్ని పీఎల్‌సీ అంటారు. కౌంటీ మొత్తం మీద ఆదాయం పడిపోతే ఇచ్చేది ఏఆర్‌సీ. ఇవి కాక పంటల బీమా ప్రీమియంలో ప్రభుత్వం వాటా. వీటన్నిటి పైన, వాణిజ్య యుద్ధం వచ్చినప్పుడో ఎన్నికలు దగ్గర పడినప్పుడో అప్పటికప్పుడు ప్రకటించే సాయాలు. ఈ చివరివే ఈమధ్య అన్నిటికన్నా పెద్దవిగా మారుతున్నాయి.

బేస్ ఎకరం అంటే ఏమిటి? అందరూ దాని గురించే మాట్లాడతారు.

ఈ ఒక్కటి అర్థమైతే మిగతాదంతా అర్థమైనట్టే.

రైతు ఈ ఏడు పొలంలో ఏం వేశాడన్నది పీఎల్‌సీ, ఏఆర్‌సీ లెక్కల్లోకి రాదు. ఆ భూమిలో ఒకప్పుడు ఏ పంట ఎన్ని ఎకరాల్లో వేశారన్న పాత రికార్డుని బట్టి డబ్బిస్తారు. ఆ పాత లెక్కనే బేస్ ఎకరాలు అంటారు. 2002 చట్టంలో ఎక్కువమంది 1998 నుంచి 2001 వరకు వేసిన పంటల సగటుని బేస్‌గా రాయించుకున్నారు. 2014లో 2009-12 సాగుని బట్టి సర్దుకునే అవకాశం ఇచ్చారు. అంతే. మీ పొలానికి వంద ఎకరాల వరి బేస్ ఉంటే, ఈ ఏడు అందులో సోయా వేసినా, అసలేమీ వేయకుండా కలుపు పెరక్కుండా చూసుకుంటూ వదిలేసినా, వరి ధర పడితే వరి డబ్బే వస్తుంది. ఇప్పుడు కొత్తగా వరి వేస్తున్న పక్క పొలానికి బేస్ లేకపోతే వాళ్ళకు పైసా రాదు.

మీ పంటని బట్టి డబ్బిస్తే అందరూ ఆ పంటే వేసి ధర ఇంకా పడగొడతారు కాబట్టి ఈ పద్ధతి పెట్టారు. ప్రపంచ వాణిజ్య సంస్థ ముందు కూడా ఇలా పాత రికార్డు మీద ఇచ్చేదాన్ని సమర్థించుకోవడం కొంచెం తేలిక. వినడానికి తెలివైన ఆలోచనే. జరిగింది ఏమిటంటే, డబ్బు పంటని వదిలేసి భూమి కాగితానికి అతుక్కుంది.

దీని వింత రూపం 2006లో బయటపడింది. టెక్సస్‌లో ఒకప్పుడు వరి పండిన భూముల్ని ముక్కలు చేసి ఇళ్ళ స్థలాలుగా అమ్మారు. కొన్నవాళ్ళు ఇల్లు కట్టుకుని, వెనకాల గడ్డి పెంచుకుని, ఒక గుర్రాన్ని కట్టుకున్నారు. వాళ్ళకీ వరి డబ్బు వచ్చింది. కొందరు మాకెందుకయ్యా ఇది అని అడిగినా ఆగలేదు. వ్యవసాయం చేయనివాళ్ళకు అలా 130 కోట్ల డాలర్లు వెళ్ళాయని వాషింగ్టన్ పోస్ట్ పత్రిక లెక్క తేల్చింది. వెంచర్లకీ గుట్టలకీ రైతుబంధు పడిందని తెలంగాణలో గొడవ జరిగినప్పుడు నాకు ఆ గుర్రాలే గుర్తొచ్చాయి.

ఆ తర్వాత కొంత సర్దారు. 2009 నుంచి 2017 దాకా ఏ పంటా వేయని భూమికి, అంటే గడ్డికే వదిలేసిన దానికి, 2018 చట్టం డబ్బు ఆపేసింది. 2025 జూలై 4న సంతకమైన వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్ అనే ట్రంప్ ప్రభుత్వపు చట్టం దేశం మొత్తం మీద 3 కోట్ల ఎకరాల దాకా కొత్త బేస్ ఇవ్వడానికి ఒప్పుకుంది. ఇన్నాళ్ళూ పంట వేస్తూ బేస్ లేనివాళ్ళకి అది మేలు.

సరే, ధర పడితే ఎంత వస్తుంది? లెక్క చేసి చూపించండి.

వరికి చట్టంలో ఒక గీత ధర ఉంది, మార్కెట్ ధర దాని కిందకి పడితేనే డబ్బు. 2014 నుంచి అది వంద పౌండ్ల ధాన్యానికి 14 డాలర్లు. 2025 చట్టం దాన్ని 16.90కి పెంచింది. వంద పౌండ్లంటే 45 కిలోలకు పైన, కాబట్టి మన క్వింటాలు లెక్కన 37 డాలర్ల పైమాట. గడిచిన ఐదేళ్ళు ధర బాగుంటే ఆ గీత ఇంకొంచెం పైకి జరుగుతుంది, కానీ 115 శాతం దాటదు.

ఒక రైతుకి వంద ఎకరాల వరి బేస్ ఉందనుకుందాం. అతని రికార్డు దిగుబడి ఎకరానికి 60 వంద-పౌండ్ల బస్తాలు. ఇది కూడా పాత రికార్డే, ఈ ఏటి దిగుబడి కాదు. దేశ సగటు ధర 13 డాలర్లకు పడిందనుకోండి. తేడా 3.90. దాన్ని 60తో గుణిస్తే 234. ఇది వందకి వంద ఎకరాలకూ ఇవ్వరు, 85 శాతానికే ఇస్తారు. అంటే 85 ఎకరాలకు 19,890 డాలర్లు. ఆ పైన బడ్జెట్ కోత అని 5.7 శాతం పట్టుకుంటారు. చేతికొచ్చేది దాదాపు 18,756 డాలర్లు.

ఇక్కడ రైతు ధాన్యాన్ని ఎంతకి అమ్ముకున్నాడో ఎవరూ అడగరు. తెలివిగా అమ్మి 15 తెచ్చుకున్నవాడికీ అంతే, తొందరపడి 11కి తెగనమ్మినవాడికీ అంతే. మన మద్దతు ధరలాగా ప్రభుత్వం ధాన్యం కొనదు. కొనుగోలు కేంద్రం లేదు, తేమ శాతం గొడవ లేదు, తరుగు పేరుతో బస్తాకి రెండు కిలోల కోతా లేదు. నాకు వాళ్ళ పద్ధతిలో నిజంగా నచ్చేది ఇదొక్కటే.

ఏఆర్‌సీ ఎవరికి?

దిగుబడి కూడా పడిపోయే ప్రమాదం ఎక్కువున్నవాళ్ళకి. కౌంటీ ఆదాయం పాత సగటులో 90 శాతం కన్నా తగ్గితే ఇస్తారు. మీ పొలం బాగా పండినా కౌంటీ మునిగితే వస్తుంది, మీ పొలం ఒక్కటే మునిగితే రాదు. వరివాళ్ళు ఎక్కువగా పీఎల్‌సీనే ఎంచుకుంటారు. 2025 పంటకి మాత్రం రెండింట్లో ఏది ఎక్కువైతే అది ఇస్తారు.

డబ్బు ఎప్పుడు పడుతుంది?

మన దగ్గర సీజన్ మొదట్లో పడాలని ఎదురుచూస్తాం. అక్కడ పంట కోసిన ఏడాదికి పడుతుంది. వరి మార్కెట్ సంవత్సరం ఆగస్టు 1న మొదలై జూలై 31న ముగుస్తుంది. ఆ పన్నెండు నెలల సగటు ధర తేలాక అక్టోబరులో చెల్లిస్తారు. అంటే 2025లో కోసిన వరికి 2026 అక్టోబరులో. ఈలోపు విత్తనం, ఎరువు, డీజిల్ అన్నీ బ్యాంకు అప్పు మీద. "వచ్చే అక్టోబరులో ఇంత వస్తుంది" అన్న అంచనా చూపించి ఈ మార్చిలో అప్పు తెచ్చుకునే రైతులు అక్కడ మామూలే. పెట్టుబడి సాయం అనే పేరు దీనికి పెట్టలేం.

పట్టాదారుకి ఇస్తారా, కౌలుదారుకి ఇస్తారా?

చట్టం ప్రకారం పంట నష్టాన్ని మోసేవాడికి. రొక్కం కౌలు అయితే, అంటే ఎకరానికి ఇన్ని డాలర్లని ముందే మాట్లాడుకుంటే, మొత్తం కౌలుదారుదే. భూమి యజమానికి చిల్లిగవ్వ రాదు. పాలు కౌలు అయితే పంట పంచుకునే వాటానే డబ్బుకీ వర్తిస్తుంది. డెబ్బై ఐదు, ఇరవై ఐదు అని పంచుకుంటే డబ్బూ అలాగే. తెలంగాణలో 2018 మేలో రైతుబంధు పెట్టినప్పటి నుంచి ఇప్పటి రైతుభరోసా దాకా, ఎకరానికి సీజన్‌కి 4 వేలైనా 6 వేలైనా, పట్టాదారు ఖాతాలోనే పడింది. ఆంధ్రలో 2019 చట్టం కింద కౌలు కార్డు ఉంది, కానీ దానికి యజమాని సంతకం కావాలి, కథ చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. ఈ రెండింటితో పోలిస్తే అమెరికా నిబంధన కాగితం మీద చాలా మేలు.

కాగితం మీద అని ఎందుకు అంటున్నానంటే, బేస్ భూమితో పోతుంది కదా. బేస్ ఉన్న పొలానికి కౌలు ఎక్కువ అడుగుతారు. కౌలుదారుకి అక్టోబరులో 18 వేలు వస్తాయని యజమానికి కూడా తెలుసు. వచ్చే ఏడాది కౌలు మాట్లాడేటప్పుడు అది లెక్కలోకి వస్తుంది. భూమి ధరలోకీ వస్తుంది. ఎంత భాగం ఇలా జారిపోతుందన్న దాని మీద ఆర్థికవేత్తలు వాదించుకుంటారు గానీ, జారిపోవడం లేదని ఎవరూ అనరు.

ఇప్పటి నిబంధన ఊరికే రాలేదు, దాని వెనక చేదు చరిత్ర ఉంది, అదీ ఇదే రాష్ట్రంలో. 1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం మొదటి వ్యవసాయ సర్దుబాటు చట్టం తెచ్చింది. పత్తి ధర పడిపోయింది, పంట తగ్గిస్తే ధర పెరుగుతుందని, వేసిన పత్తిని దున్నేస్తే డబ్బిస్తామన్నారు. ఆ ఏడాది కోటి ఎకరాల పత్తి దున్నేశారు. డబ్బు భూస్వాముల పేరున వచ్చింది. పాలుకి చేసేవాళ్ళకి వాటా ఇవ్వాలని నిబంధన ఉన్నా చాలామంది ఇవ్వలేదు. సాగు తగ్గింది కాబట్టి మీతో పని లేదని కుటుంబాలకు కుటుంబాలనే వెళ్ళగొట్టారు. 1934 జూలైలో ఆర్కన్సాలోని టైరోంజా అనే చిన్న ఊరి దగ్గర పద్దెనిమిది మంది కలిసి దక్షిణాది కౌలు రైతుల సంఘం పెట్టారు. అందులో పదకొండు మంది తెల్లవాళ్ళు, ఏడుగురు నల్లవాళ్ళు. ఆ కాలంలో ఆ రాష్ట్రంలో ఒకే గదిలో అలా కూర్చోవడమే పెద్ద సాహసం. వాళ్ళ సభల మీద దాడులు జరిగాయి, జైళ్ళలో పెట్టారు. సంఘం ఎక్కువ కాలం బలంగా నిలవలేదు. సర్కారు డబ్బు పట్టా ఉన్నవాడికే పడితే దున్నేవాడు ఊరే వదలాల్సి వస్తుందని మొదట గట్టిగా చెప్పింది మాత్రం వాళ్ళే.

ఒక్కరికి ఎంత దాకా ఇస్తారు? పెద్ద రైతులే తినేస్తారట కదా?

2025 పంటకి మనిషికి 1,55,000 డాలర్లు గరిష్ఠం. దానికి ముందు 1,25,000. మూడేళ్ళ సగటు ఆదాయం 9 లక్షల డాలర్లు దాటినవాళ్ళకు లేదు. పైన చేసిన లెక్క ప్రకారం బేస్ ఎకరానికి 187 డాలర్లు వస్తే, గరిష్ఠం తగలాలంటే 826 ఎకరాల బేస్ ఉండాలి. అమెరికా సగటు కమతం 463 ఎకరాలు, మన దేశంలో రెండున్నర ఎకరాల చిల్లర. పరిమితి అనే మాటకి అక్కడ అర్థం వేరు.

ఆ పరిమితిని దాటడానికి దారులూ ఉన్నాయి. భర్తకి ఒకటి, భార్యకి ఒకటి. భాగస్వామ్య సంస్థ పెడితే అందులో ప్రతి సభ్యుడికీ ఒకటి. సభ్యుడు వ్యవసాయంలో "చురుకుగా పాల్గొనాలి" అని నిబంధన. పాల్గొనడం అంటే పొలంలో దిగడమే కాదు, నిర్వహణ చూసినా చాలు. నిర్వహణ అంటే ఏడాదికి నాలుగు ఫోన్ కాల్సా అని అక్కడి పార్లమెంటులో ఎన్నిసార్లు అడిగారో. 2018 చట్టం కుటుంబం అన్న నిర్వచనంలోకి మేనల్లుళ్ళు, మేనకోడళ్ళు, బాబాయి పెదనాన్న పిల్లలను కూడా చేర్చింది. మన సంయుక్త కుటుంబం ముచ్చట అమెరికా చట్టంలోకి ఎక్కడైనా ఎక్కిందంటే ఇక్కడే.

మొదటిసారి 1970 చట్టంలో పంటకి 55,000 డాలర్లని పరిమితి పెట్టినప్పటి నుంచీ ఈ ఆట నడుస్తోంది. 1980ల్లో మిసిసిపీ డెల్టాలో ఒక్క పొలం మీద కంపెనీ మీద కంపెనీ పెట్టి, బంధువుల పేర్లు కొమ్మల్లా వేలాడదీసేవాళ్ళు. దానికి "మిసిసిపీ క్రిస్మస్ చెట్టు" అని పేరు. 1987లో ఒక మనిషికి మూడు సంస్థలకు మించకూడదన్నారు. 2008లో ఎన్ని సంస్థలు పెట్టినా చివరికి డబ్బు ఏ మనిషికి చేరిందో చూస్తామన్నారు. భాగస్వామ్య సంస్థల దారి మాత్రం తెరిచే ఉంచారు.

అటువైపు చిన్నవాళ్ళ సంగతి. మొత్తం బేస్ 10 ఎకరాలు, అంతకన్నా తక్కువ ఉన్న కమతానికి సాధారణంగా ఈ డబ్బు ఇవ్వరు. కొత్తగా వ్యవసాయంలోకి వచ్చినవాళ్ళు, మాజీ సైనికులు వంటి కొందరికి మినహాయింపు ఉంది. ఇదే నిబంధన మన దగ్గర పెడితే నూటికి తొంభై మంది పేర్లు కొట్టేయాల్సి వస్తుంది. 1995 నుంచి వచ్చిన పంట సబ్సిడీల్లో నాలుగింట మూడు వంతులకు పైగా, ఎక్కువ మొత్తాలు అందుకున్న 10 శాతం మందికే వెళ్ళిందన్న లెక్క ఈ నేపథ్యంలో ఆశ్చర్యమేమీ కాదు.

ఏ ఆఫీసుకి వెళ్ళాలి? ఏ కాగితాలు?

ఎఫ్‌ఎస్‌ఏ, అంటే అక్కడి వ్యవసాయ శాఖలోని ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ, కౌంటీ ఆఫీసు. పొలం ఏ కౌంటీలో ఉంటే అక్కడ నమోదు. పొలం వివరాలు, ఎవరు ఏ వాటాతో చేస్తున్నారో ఒక పత్రం, ఆదాయం పరిమితికి లోబడి ఉందని ఇంకొకటి, చిత్తడి నేలల్ని ఎండగట్టి సాగు చేయనని మరొకటి. ఈ చివరిది 1985 చట్టం నుంచి ఉంది, తప్పితే అన్ని సబ్సిడీలూ ఆగిపోతాయి. ఏటా ఏ చేలో ఏ పంట వేశారో ఎఫ్‌ఎస్‌ఏ-578 అనే పత్రంలో చెప్పాలి, వసంతంలో వేసిన చాలా పంటలకు జూలై 15 గడువు. ఇది మన ఈ-క్రాప్ నమోదు లాంటిది. ఆఫీసులో విమానం నుంచి తీసిన పొలం ఫోటో ముందు పెట్టుకుని గీతలు చూపిస్తూ మాట్లాడతారు.

ఇక్కడ మన దగ్గర లేనిది ఒకటుంది. కౌంటీ కమిటీ. ముగ్గురి నుంచి పదకొండు మంది దాకా సభ్యులు, వాళ్ళని రైతులే ఓటేసి ఎన్నుకుంటారు. పదవీకాలం మూడేళ్ళు. అధికారి కాదన్నదాన్ని అప్పీలు చేస్తే ముందు వీళ్ళే వింటారు.

రైతులే రైతుల్ని చూసుకుంటే బాగానే ఉంటుంది కదా?

ఎవరు ఎన్నికవుతారన్నదాన్ని బట్టి. దక్షిణాది కౌంటీల్లో ఈ కమిటీలు దశాబ్దాల పాటు తెల్ల భూస్వాములవే. నల్లజాతి రైతు అప్పుకి దరఖాస్తు పెడితే విత్తనాల అదను దాటేదాకా నానబెట్టేవాళ్ళు. ఈ వివక్ష మీద నల్లజాతి రైతులు వ్యవసాయ శాఖపై 1997లో వేసిన పిగ్‌ఫర్డ్ కేసు 1999లో రాజీకొచ్చి, వివక్ష రుజువైన ఒక్కొక్కరికి 50,000 డాలర్లు, అప్పుల మాఫీ ఇచ్చారు. మొత్తం వంద కోట్ల డాలర్లు దాటింది. ఆలస్యంగా వచ్చినవాళ్ళ కోసం 2010లో మరో 125 కోట్లు. 2021లో తెచ్చిన రుణమాఫీని కోర్టులు ఆపేస్తే, వేరే దారిలో 2024లో 43,000 మందికి దాదాపు 200 కోట్ల డాలర్లు పంచారు. ఈలోపు భూములు చాలామంది చేజారిపోయాయి. పొలం పోయాక వచ్చిన పరిహారంతో పొలం తిరిగి కొనలేరు.

పంటల బీమా?

బీమా అమ్మేది ప్రైవేటు కంపెనీలు, ప్రీమియంలో సగటున 60 శాతం పైన కట్టేది ప్రభుత్వం, కంపెనీల నిర్వహణ ఖర్చులో కూడా కొంత ప్రభుత్వానిదే. మన ఫసల్ బీమాలో రైతు వాటా ఖరీఫ్‌కి 2 శాతం, రబీకి 1.5 శాతమే కాబట్టి ఆ లెక్కన మనమే ఉదారులం. తేడా పరిహారం చేతికందడంలో. అక్కడ నష్టం లెక్క ఆ రైతు సొంత దిగుబడి రికార్డు మీద తేలుతుంది. ఇంకో తేడా, ఈ సబ్సిడీకి 1,55,000 పరిమితి లేదు, ఆదాయ పరిమితీ లేదు.

వాణిజ్య యుద్ధం డబ్బు అంటే?

2018లో చైనా మీద సుంకాలు వేస్తే చైనా అమెరికా సోయా కొనడం తగ్గించింది. నష్టపోయిన రైతులకి రెండేళ్ళలో 2,300 కోట్ల డాలర్లు పంచారు. 2019లో పంటతో సంబంధం లేకుండా కౌంటీకో రేటు పెట్టారు, ఎకరానికి 15 నుంచి 150 డాలర్ల దాకా. కౌంటీ గట్టుకి ఇటూ అటూ ఒకే రైతుకి ఒకే పంటకి రెండు రేట్లు పడ్డాయి. గట్టు మీద నిలబడి తిట్టుకున్నారు పాపం.

2024 డిసెంబరులో ఇంకో వెయ్యి కోట్లు. అందులో వరికి ఎకరానికి 76.94 డాలర్లు, పత్తికి 84.74. 2025 డిసెంబరులో మరో 1,200 కోట్లు, వరికి ఎకరానికి 132.89. ఇవి బేస్‌ని బట్టి కాదు, నిజంగా వేసిన పంటని బట్టి. బేస్ లేని పొలం చేసే రైతుకి, సొంతమైనా కౌలైనా, ఇవే దిక్కు. అందుకే తాత్కాలికం అన్నవి ఏటా తిరిగొస్తున్నాయి.

ఎవరికెంత వచ్చిందో బయటివాళ్ళకి తెలుస్తుందా?

తెలుస్తుంది. ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ సమాచార హక్కు లాంటి చట్టం వాడి, 1995 నుంచి పేర్లతో సహా కౌంటీ వారీగా పెట్టింది. పక్కింటాయనకి ఎంత వచ్చిందో చూసుకోవచ్చు, చూసుకుంటారు కూడా. చూసేటప్పుడు ఒక జాగ్రత్త. ఆ పట్టికలో పై వరుసలో కనిపించే పేరు స్టట్‌గార్ట్‌లోని రైస్‌లాండ్ ఫుడ్స్. అది రైతుల సహకార సంఘం, సభ్యుల తరఫున తీసుకుని వాళ్ళకి పంచిన డబ్బు అది. ఎవరో ఒక్కరు మింగేసిందని కాదు.

వాళ్ళ సబ్సిడీతో మనకేం సంబంధం?

పత్తితో సూటి సంబంధం. డబ్బొస్తుందన్న భరోసాతో అక్కడ పత్తి ఎక్కువ పండితే ప్రపంచ ధర పడుతుంది, ఆదిలాబాద్, వరంగల్ మార్కెట్లలో కూడా పడుతుంది. 2002లో బ్రెజిల్ దీని మీదే ప్రపంచ వాణిజ్య సంస్థకి ఎక్కి గెలిచింది. అమెరికా తన సబ్సిడీ మానుకునే బదులు బ్రెజిల్ పత్తి రైతుల నిధికి 2010 నుంచి ఏటా 14.73 కోట్ల డాలర్ల లెక్కన కట్టింది. చివరికి 2014లో 30 కోట్లిచ్చి కేసు ముగించుకుంది. తన రైతుకీ ఇచ్చి, ఎదుటివాడి రైతుకీ ఇచ్చింది. మన పత్తి రైతుకి ఆ తూకంలో చోటు లేదు. 2025 ఆగస్టులో మన ప్రభుత్వం పత్తి దిగుమతి మీద 11 శాతం సుంకాన్ని డిసెంబరు దాకా ఎత్తేసినప్పుడు పోటీ పడాల్సింది ఇలా కాపు కాసిన పత్తితోనే.

వరి సంగతి తిరగబడింది. 2018లో అమెరికా, భారత్ వరికి ఇచ్చే మద్దతు పంట విలువలో 70 శాతం దాటిందని అదే సంస్థలో ఫిర్యాదు పెట్టింది. ఆ లెక్క 1986-88 నాటి ధరలతో పోల్చి చేసింది. 2025 డిసెంబరులో సాయం ప్రకటించిన సభలోనే అక్కడి వరి వాళ్ళు భారత్ బియ్యాన్ని అతి చవగ్గా దింపుతోందని ట్రంప్‌కి చెప్పుకున్నారు, ఆయన సుంకాల మాట ఎత్తాడు. సోనామసూరి సంచి కోసం ఇండియన్ స్టోర్‌కి వెళ్ళేవాళ్ళకి అప్పుడు టెన్షన్ పట్టుకుంది. నిజానికి అమెరికాకి మనం పంపేదాంట్లో బాస్మతిదే పెద్ద వాటా, ఆర్కన్సా ప్రధానంగా పండించేది అది కాదు.

ఆర్కన్సా బియ్యం వల్ల అందరికన్నా ఎక్కువ దెబ్బతిన్నది హైతీ. 1995లో అమెరికా ఒత్తిడితో హైతీ బియ్యం సుంకాన్ని 3 శాతానికి తగ్గించింది. సబ్సిడీ బియ్యం దిగి అక్కడి వరి రైతుల్ని ముంచింది. అప్పుడు అధ్యక్షుడు ఆర్కన్సా మనిషే, బిల్ క్లింటన్. 2010లో సెనేట్ కమిటీ ముందు ఆయనే ఒప్పుకున్నాడు, అది ఆర్కన్సాలోని కొందరు రైతులకి మేలు చేసి ఉండొచ్చు గానీ హైతీకి చేయలేదని.

మేము ఇక్కడ భూమి కొంటే మాకూ వస్తుందా?

పౌరసత్వం గానీ గ్రీన్ కార్డు గానీ ఉంటే, మిగతా నిబంధనలన్నీ అందరికీ ఉన్నట్టే. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకి సాధారణంగా రాదు. భూమి, పెట్టుబడి, గణనీయమైన సొంత శ్రమ మూడూ మీవే అయితే మినహాయింపు ఉంది గానీ, వారమంతా ఆఫీసులో కోడింగ్ చేసే మనిషి ఆ మూడోది చూపించలేడు. ఇక్కడ శ్రమ అంటే శ్రమే, నిర్వహణ కుదరదు. వీసా షరతుల గొడవ అదనం. రొక్కం కౌలుకి ఇచ్చేస్తే ఎవరికైనా డబ్బు కౌలుదారుకే. కొనేముందు ఆ పొలానికి ఎంత బేస్ ఉందో, ఏ పంట బేసో, రికార్డు దిగుబడి ఎంతో అమ్మేవాళ్ళని అడిగి ఎఫ్‌ఎస్‌ఏ కాగితం మీద చూసుకోండి. చాలామంది రియల్టర్లకు అది తెలియదు.

టెక్సస్‌లో మా ఫ్రెండ్స్ "అగ్ ఎగ్జెంప్షన్" అంటారు, అదీ ఇదేనా?

కాదు. అది కౌంటీ లాంటి స్థానిక సంస్థలు వేసే ఆస్తి పన్నుని మార్కెట్ ధర మీద కాకుండా సాగు విలువ మీద లెక్కకట్టే వెసులుబాటు. నాలుగు ఆవుల్ని మేపించి, తేనెటీగలు పెట్టించి దాన్ని నిలబెట్టుకుంటారు. ఎఫ్‌ఎస్‌ఏకి, బేస్‌కి దాంతో సంబంధం లేదు.

హెచ్1బీ మీద ఉండి ఇప్పటికే కొనేశాం. ఏమైనా చేయాలా?

చేయాలి. గ్రీన్ కార్డు లేనివాళ్ళు 10 ఎకరాలకు మించి వ్యవసాయ భూమి కొంటే, 1978 నాటి చట్టం ప్రకారం 90 రోజుల్లోపు ఎఫ్‌ఎస్‌ఏ-153 అనే పత్రం ఆ కౌంటీ ఆఫీసులో ఇవ్వాలి. అంతకన్నా చిన్నదైనా దాని మీద వచ్చే పంట రాబడి ఏడాదికి వెయ్యి డాలర్లు దాటితే ఇవ్వాలి. ఇవ్వకపోతే జరిమానా భూమి విలువలో 25 శాతం దాకా పోవచ్చు. నలుగురు స్నేహితులు కలిసి ఎల్ఎల్‌సీ పేరు మీద కొన్నా దీనికి అతీతం కాకపోవచ్చు, వాటాల్ని బట్టి ఉంటుంది. అమ్మినప్పుడు కూడా మళ్ళీ ఇవ్వాలి. గడువు దాటిపోయి ఉంటే వకీలుని కనుక్కుని ఇప్పుడైనా దాఖలు చేయడమే మంచిది, ఎందుకంటే జరిమానా ఆలస్యమైన వారాలని బట్టి పెరుగుతుంది.